గ్రాండ్మాస్ మారథాన్ (డులూత్): ఇది నిజంగా దిగుడు పరుగేనా? వెళ్ళివచ్చినవాళ్ళు చెప్పండి

నెమ్మదిబండి (మినియాపోలిస్) · ఫిబ్రవరి 8

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప ఎన్నడూ రాయలేదు. నాకు 41 ఏళ్ళు, సొంతూరు ఏలూరు. షుగరు గీత దాటబోతోందని డాక్టరు హెచ్చరించాక పరుగు మొదలుపెట్టాను. ఇప్పటికి పూర్తిచేసింది ఒక్కటే మారథాన్. ట్విన్ సిటీస్ (మినియాపోలిస్, సెయింట్ పాల్ జంటనగరాల పరుగు), 4 గంటల 18 నిమిషాలు.

ఈ జూన్‌లో మా మిన్నెసోటాలోనే సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న డులూత్‌లో జరిగే గ్రాండ్మాస్ మారథాన్‌కు పేరిచ్చాను. పేరు చెప్పగానే మా అమ్మ ఫోనులో పకపకా నవ్వింది, "అవ్వల పరుగుకు నువ్వెందుకురా" అని. ఆఫీసులో మాత్రం ఇద్దరు ఊరించారు. అదంతా దిగుడేనట, సరస్సు గాలి వీపున చెయ్యి వేసి తోస్తుందట, ఏమీ చేయకపోయినా పది నిమిషాలు తగ్గుతుందట. ఆ మాట పట్టుకొని నాలుగు గంటల లోపు రావాలని ఆశపడుతున్నాను.

దిగుడు ఎంత ఉంటుంది? దానికి వేరే సాధన కావాలా? నేనుండే చోటు పళ్ళెంలా చదును. బయట మైనస్ ఇరవై, కాబట్టి ప్రస్తుతం ట్రెడ్‌మిల్ మీదే సంసారం. నా భార్య, ఏడేళ్ళ పాప కూడా వస్తామంటున్నారు. వాళ్ళు ఎక్కడ నిలబడితే నన్ను చూడగలరు?

లెక్కలమాస్టారు (బోస్టన్ దగ్గర) · ఫిబ్రవరి 8

ముందు లెక్క చూద్దాం. టూ హార్బర్స్ దగ్గర బయలుదేరే చోటు సముద్రమట్టానికి సుమారు 740 అడుగుల ఎత్తున ఉంటుంది. డులూత్‌లో ముగిసే చోటు సుమారు 610. అంటే 26.2 మైళ్ళలో నికరంగా దిగేది 130 అడుగులు. మైలుకు అయిదడుగులు! వెయ్యి అడుగులు నడిస్తే ఒక్క అడుగు కూడా పూర్తిగా దిగరు. వాననీరు పోవడానికి మన మేస్త్రీ డాబాకు ఇచ్చే వాటం ఇంతకంటే ఎక్కువ.

మా బోస్టన్ పరుగు 459 అడుగులు దిగుతుంది, అయినా దాన్ని తేలిక అన్నవాళ్ళెవరూ లేరు. యూటాలోని సెయింట్ జార్జ్ అయితే 2,500 అడుగులకు పైమాటే. దిగుడు పరుగు అనాలంటే దాన్ని అనాలి. మీ ఆఫీసువాళ్ళు గూగుల్‌లో ఎత్తుల పటం చూసి ఉంటారు. ఎడమ చివర పైన, కుడి చివర కింద. మధ్యలో ఉన్నది ఎవరికీ పట్టదు.

ట్యాంకుబండ్ (హైదరాబాద్) · ఫిబ్రవరి 9

మాస్టారు తెల్లవారకముందే సుద్దముక్క తీశారు.

నెమ్మదిబండి గారూ, ఆగస్టు ఉక్కలో మా హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కి దిగినవాళ్ళకు 130 అడుగుల దిగుడన్నా పండగే. మేము హుస్సేన్‌సాగర్ పక్కన బయలుదేరుతాం. సరస్సు పక్కన పరుగు అనే మాట మాకూ వర్తిస్తుంది కానీ, గాలి వీస్తే ముక్కు మూసుకోవలసి రావచ్చు. మీ సరస్సు ఎలాంటిదో ఎవరైనా చెప్పండి.

ఉత్తరతీరం (డులూత్) · ఫిబ్రవరి 10

పదిహేడేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను. ఈ పరుగు ఆరుసార్లు చేశాను. రెండుసార్లు రోడ్డు పక్కన నీళ్ళు అందించాను. ఒకసారి మోకాలు వాచి ఇంటిముందు కుర్చీ వేసుకొని చూశాను. కుర్చీ ఏడాదే అన్నిటికంటే హాయిగా గడిచింది.

ట్యాంకుబండ్ గారూ, సుపీరియర్ సరస్సు విస్తీర్ణం దాదాపు 82,000 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో నాలుగింట మూడు వంతులు నీళ్ళయిపోయాయని ఊహించుకోండి. మొదటిసారి మినియాపోలిస్ నుంచి కారులో వస్తూ ఊరి పైనున్న కొండ దిగుతుంటే ఎదురుగా నీళ్ళు పైకి లేచి నిలబడ్డట్టు కనిపించాయి. విశాఖలో కైలాసగిరి మీద నుంచి చూస్తే ఉంటుందే, అలా. ఉప్పు వాసన ఒక్కటే లేదు. ఊరు మాత్రం చిన్నది, జనాభా సుమారు ఎనభై ఏడు వేలు. ఆ శని ఆదివారాల్లో ఊరంతా పెళ్ళివారిల్లే.

మాస్టారి లెక్క తప్పు కాదు, కానీ 130 అడుగులు ఒక్క తీరుగా దిగవు. దారి అలల్లా లేచి పడుతూ ఉంటుంది. టూ హార్బర్స్ నుంచి పాత 61 రహదారి మీద నైరుతి దిక్కుగా వస్తారు. సరస్సు ఎడమ చేతి వైపు, మధ్యలో బర్చ్ చెట్లు, దేవదారులు. జూన్ కాబట్టి రోడ్డు పక్కన ఊదారంగు లూపిన్ పూలు. నైఫ్ రివర్, ఫ్రెంచ్ రివర్ అని చిన్న చిన్న ఏర్లు దాటుతారు. ప్రతి ఏటి దగ్గరా దారి కొంచెం దిగి మళ్ళీ లేస్తుంది. ఒక్కొక్కటీ విడిగా చూస్తే లెక్కలోకి రాదు, అన్నీ కలిస్తే తొడలు లెక్క రాసుకుంటాయి. అక్కడ జనం తక్కువ. మీ అడుగుల చప్పుడు, పక్కవాడి ఊపిరి, అప్పుడప్పుడు పక్క పట్టాల మీద రైలు కూత.

పందొమ్మిదో మైలు ప్రాంతంలో లెస్టర్ నది దాటి ఊళ్ళోకి వస్తారు. లండన్ రోడ్డు మొదలవుతుంది. అక్కడి నుంచి ఇళ్ళముందు జనం, పాటలు, తోటకు నీళ్ళు పట్టే గొట్టాలతో పిల్లలు తడపడం. గ్లెన్‌షీన్ అనే పాత జమీందారీ భవనం దాటగానే, ఇరవై రెండో మైలు దగ్గర, అసలు పెద్దమనిషి ఎదురవుతాడు. లెమన్ డ్రాప్ హిల్. ఒకప్పుడు అక్కడ ఆ పేరుతో ఫలహారశాల ఉండేది, అదే పేరు మిగిలిపోయింది. మామూలు రోజున కారులో పోతే అక్కడ ఎక్కుడు ఉందని కూడా తెలియదు. ఇరవై రెండు మైళ్ళు పరుగెత్తి వచ్చినవాడికి అది మోకాళ్ళ పర్వతం.

ఆపైన సుపీరియర్ వీధి, తరువాత కిందికి కెనాల్ పార్క్. ఓడలు వస్తే నిలువుగా పైకి లేచే వంతెన ఒకటి ఉంది, ఏరియల్ లిఫ్ట్ బ్రిడ్జ్. దాని పక్కనే ముగింపు. వంతెన చాలా ముందే కనిపిస్తుంది. కనిపించింది కదా, వచ్చేశాం అనుకుంటే మోసపోతారు. చివరి మైలులో ఓడ మ్యూజియం చుట్టూ తిప్పి తిప్పి తీసుకువెళతారు.

అమ్మగారికి చెప్పండి, అవ్వలకూ దీనికీ సంబంధం లేదు. 1977లో ఇక్కడి పరుగువీరులు కొందరు కలిసి 150 మందితో దీన్ని మొదలుపెట్టారు. డబ్బిచ్చే దిక్కు దొరకలేదు. కెనాల్ పార్క్‌లో కొత్తగా తెరిచిన గ్రాండ్మాస్ అనే హోటల్ ముందుకొచ్చింది, దాని పేరే పరుగుకు పెట్టేశారు. మొదటి ఏడు గెలిచింది గ్యారీ బ్యోర్క్‌లండ్. పక్కనే ఉన్న ట్విగ్ అనే పల్లెవాడు, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో పదివేల మీటర్లు పరుగెత్తినవాడు. ఇప్పుడు జరిగే హాఫ్ మారథాన్‌కు ఆయన పేరే ఉంది. 1981లో డిక్ బియర్డ్‌స్లీ 2:09:37 చేశాడు. ఆ రికార్డు 2014లో డొమినిక్ ఒండోరో 2:09:06 చేసేదాకా 33 ఏళ్ళు చెక్కుచెదరలేదు. అంతా దిగుడే అయితే అన్నేళ్ళు నిలిచేదా?

గాలి గురించి మాత్రం ఆఫీసువాళ్ళు చెప్పినదాంట్లో సగం నిజం. ఈశాన్యం నుంచి వీస్తే వీపున తోస్తుంది, చల్లగానూ ఉంటుంది. జూన్‌లో కూడా ఆ నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి, ఆ చలి గాలిలోకి వస్తుంది. నైరుతి నుంచి వీస్తే ఎదురుగాలి, పైగా వేడి. ఏది వస్తుందో ముందురోజు సాయంత్రం దాకా మాకూ తెలియదు. దారిలో రంగు జెండాలు కట్టి ఎండ తీవ్రత చెబుతారు. ఎరుపు చూస్తే వేగం తగ్గించండి, నలుపు చూస్తే గడియారం సంగతి మరిచిపోండి.

అలిపిరి_మెట్టు (తిరుపతి) · ఫిబ్రవరి 11

దిగుడుకు సాధన కావాలా అని అడిగారు కదా. మా ఊరివాళ్ళ దగ్గర దీనికి జవాబు ఎప్పుడో ఉంది.

అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. ఎక్కేటప్పుడు అందరూ గోవింద నామం చెబుతూ, ఆయాసపడుతూ, మధ్యలో మజ్జిగ తాగుతూ ఎక్కుతారు. మరునాడు పెద్దగా నొప్పులు ఉండవు. అదే మెట్ల మీదుగా కిందికి దిగి చూడండి. దిగుతున్నంతసేపూ ఆయాసమే ఉండదు, మాటలు చెప్పుకుంటూ వచ్చేస్తారు. అలిపిరి పాదాల మండపం దగ్గరకు వచ్చి ఆగగానే కాళ్ళు వణుకుతాయి. రెండో రోజు పొద్దున మంచం మీద నుంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి. మా నాన్నగారు అనేవారు, "ఎక్కుడు ఊపిరిని అడుగుతుంది, దిగుడు కాళ్ళను అడుగుతుంది" అని.

నేను కొండ మారథాన్ల కోసం నెలకు రెండుసార్లు మెట్లు దిగుతాను. మొదటిసారి చచ్చాను. మూడోసారి నుంచి ఏమీ కాలేదు. ఎందుకో చెప్పే చదువు నాకు లేదు. డాక్టరమ్మ ఎవరైనా ఉంటే చెప్పాలి.

మోకాలిచిప్ప (విజయవాడ) · ఫిబ్రవరి 12

పిలిచారు కాబట్టి వచ్చాను. డాక్టరమ్మను కాను, ఫిజియోథెరపిస్టును. ఈ పేరు పెట్టుకున్నాక మా క్లినిక్‌లో అందరికీ లోకువయ్యాను, అది వేరే కథ.

కండరం పనిచేసే తీరు రెండు రకాలుగా ఉంటుంది. బిందె ఎత్తేటప్పుడు చేతి కండరం కుంచించుకుంటూ బలం పెడుతుంది. అదే బిందెను నేల మీద మెల్లగా దించేటప్పుడు కండరం సాగుతూ బలం పెడుతుంది. సాగుతూ బరువు ఆపడం కండరపు పోగులకు చాలా కష్టం. కింద పడేయకుండా దించాలి కదా. దిగుడులో ప్రతి అడుగుకూ తొడ ముందువైపు కండరాలు మీ శరీరాన్ని అలా దించుతూ, బ్రేకు వేస్తూ ఉంటాయి. పోగుల్లో కంటికి కనిపించని చిరుగులు పడతాయి. వాపు, నొప్పి వెంటనే రావు. మరునాడు మొదలై రెండు మూడు రోజుల్లో పతాకస్థాయికి చేరతాయి. అలిపిరి గారు గోడ పట్టుకున్నది రెండో రోజున కావడానికి కారణం అదే.

మూడోసారి నుంచి ఏమీ కాకపోవడానికీ కారణం ఉంది. ఒకసారి అలా దెబ్బతిని కోలుకున్న కండరం అదే పనికి తరువాతిసారి చాలా తక్కువ దెబ్బతింటుంది. ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. అందుకే దిగుడు సాధన పరుగుకు రెండు మూడు రోజుల ముందు చేయడం తెలివితక్కువ పని, నాలుగు నుంచి ఎనిమిది వారాల ముందు చేయడం తెలివైన పని. వారానికి ఒకసారి చాలు. మొదట పది నిమిషాలు, తరువాత కొంచెం కొంచెం పెంచాలి.

నెమ్మదిబండి గారూ, మీకు చదును తప్ప వేరే దారి లేకపోతే ఆఫీసు మెట్లు వాడుకోండి. లిఫ్టులో పైకి వెళ్ళి మెట్ల మీదుగా దిగండి. అవును, అందరూ చేసేదానికి తలకిందులుగా. ఇంట్లో అయితే చిన్న పీట మీద ఒంటికాలి మీద నిలబడి, రెండో మడమ నేలకు తాకేదాకా మెల్లగా దిగడం. మోకాలు లోపలికి వంగకుండా చూసుకోండి.

పరుగులో దిగుడు వచ్చినప్పుడు చాలామంది వెనక్కి వాలి, కాలు ముందుకు బారచాపి మడమ మీద దిగుతారు. ప్రతి అడుగూ బ్రేకే. అడుగు చిన్నది చేయండి, త్వరత్వరగా వేయండి, నడుము నుంచి కాకుండా చీలమండ నుంచి ఒక వెంట్రుకవాసి ముందుకు వాలండి. బూటులో పాదం ముందుకు జారితే బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోతుంది. పైనున్న ఆఖరి కంతలో కూడా తాడు దూర్చి మడమను బిగించండి. ఇది చెప్పినప్పుడు ఎవరూ వినరు, గోరు ఊడాక ఫోటో పంపుతారు.

లెక్కలమాస్టారు · ఫిబ్రవరి 12

బిందె ఉదాహరణ బాగుంది. దానికి ఒక లెక్క చేర్చనివ్వండి. ఒక అడుగు ఎక్కేటప్పుడు పోయే సమయం, అదే అడుగు దిగేటప్పుడు పూర్తిగా తిరిగిరాదు. కాబట్టి ఎక్కి దిగే దారిలో నికరం సున్నా అయినా చేతికి నష్టమే మిగులుతుంది. ఉత్తరతీరం గారు చెప్పిన ఏర్ల దగ్గర జరిగేది ఇదే.

ట్యాంకుబండ్ · ఫిబ్రవరి 13

మాస్టారూ, ఒక సందేహం. ఇంత దిగుడు ఉన్న పరుగుల్లో చేసిన సమయాలు రికార్డులుగా చెల్లుతాయా?

లెక్కలమాస్టారు · ఫిబ్రవరి 13

మంచి ప్రశ్న. ప్రపంచ రికార్డుకు రెండు షరతులు. నికర దిగుడు కిలోమీటరుకు ఒక మీటరు మించకూడదు, అంటే మారథాన్‌లో 42 మీటర్లు. బయలుదేరే చోటికీ ముగిసే చోటికీ మధ్య సరళరేఖలో దూరం, పరుగు దూరంలో సగానికి మించకూడదు. లేకపోతే వెనుకగాలి మొత్తం దారంతా సాయం చేస్తుంది. 2011లో జెఫ్రీ ముటాయ్ బోస్టన్‌లో 2:03:02 పరుగెత్తాడు. అప్పటికి మారథాన్‌లో మనిషి చేసిన అన్నిటికంటే వేగం. అయినా ప్రపంచ రికార్డు కాలేదు. బోస్టన్ ఈ రెండు షరతుల్లోనూ తప్పుతుంది.

గ్రాండ్మాస్ తమాషా చూడండి. 130 అడుగులంటే దాదాపు 40 మీటర్లు, మొదటి షరతులో గట్టెక్కుతుంది. కానీ దారంతా ఒడ్డు వెంట ఒకే దిక్కుగా పోతుంది, రెండో షరతులో పోతుంది. అంటే ఈ పరుగుకు అడ్డుపడింది దిగుడు కాదు, గాలి. నెమ్మదిబండి గారి ఆఫీసువాళ్ళు గాలి మాటలోనే సరిగ్గా ఉన్నారు.

బోస్టన్ అర్హత (అంటే అక్కడ చోటు కోసం మరో మారథాన్‌లో తగిన సమయం చేసి చూపడం) సంగతి వేరు. 2027 బోస్టన్ నుంచి కొత్త నియమం. 1,500 అడుగులు, అంతకు మించి దిగే పరుగుల్లో చేసిన సమయానికి అయిదు నిమిషాలు కలుపుతారు. 3,000 దాటితే పది నిమిషాలు. 6,000 దాటితే అసలు లెక్కలోకే తీసుకోరు. మంచి పనే చేశారు. కొండ మీద నుంచి దొర్లి వచ్చి అర్హత అంటే ఎట్లా?

అలిపిరి_మెట్టు · ఫిబ్రవరి 14

ఆ ఒక్క మాట ఒప్పుకోను మాస్టారూ. దొర్లి రావడం అని కుర్చీలో కూర్చొని రాయడం తేలిక. సెయింట్ జార్జ్ చేసి వచ్చిన మా బావమరిది వారం రోజులు పశ్చిమదేశపు మరుగుదొడ్డి వెతుక్కున్నాడు. దిగుడుకు తగ్గ కాళ్ళు తయారుచేసుకోవడం కూడా సాధనే. చలిలో పరుగెత్తితే సమయం తగ్గుతుంది, మరి చల్లని ఊళ్ళ పరుగులకూ నిమిషాలు కలుపుతారా?

లెక్కలమాస్టారు · ఫిబ్రవరి 14

వాతావరణం ఎవరూ ఎంచుకోలేరు. దారిని ఎంచుకుంటారు. తేడా అది. అయితే "దొర్లి" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, బావమరిది గారికి క్షమాపణలు.

పులిహోర_పొట్లం (సెయింట్ పాల్) · ఫిబ్రవరి 20

పరుగెత్తేవాళ్ళు అందరూ మాట్లాడారు, రోడ్డు పక్కన నిలబడేవాళ్ళ తరఫున నేను రాస్తాను. మావారి వెంట నాలుగుసార్లు డులూత్ వెళ్ళాను. ఒక్క మైలు కూడా పరుగెత్తలేదు, అయినా ఈ పరుగు గురించి ఆయనకంటే నాకే ఎక్కువ తెలుసు.

మొదటి మాట, గది ఇప్పుడే చూసుకోండి. ఇప్పటికే ఆలస్యమయింది. ఆ మూడు రోజుల్లో ఊళ్ళో గదుల ధరలు చూస్తే కళ్ళు తిరుగుతాయి, చాలాచోట్ల రెండు మూడు రాత్రులకు తక్కువ ఇవ్వరు. ఒకసారి మేము ఆరు నెలల ముందే గది తీసుకుంటే, పరుగుకు నెల ముందు పొరపాటున పాత ధరకు ఇచ్చామని ఫోను చేశారు. పొరపాటు విలువ రాత్రికి నూటనలభై డాలర్లు. అప్పటి నుంచి విశ్వవిద్యాలయం విద్యార్థుల వసతిగృహంలోనే దిగుతున్నాం. మంచాలు ఇరుకు, స్నానాల గది ఉమ్మడి, కానీ శుభ్రంగా ఉంటుంది, ధర మనుషులు ఇచ్చేలా ఉంటుంది. అక్కడి నుంచే పరుగువాళ్ళకు బస్సు.

రెండో మాట, పాప కోసం. బయలుదేరే చోటికి కారులో వెళ్ళాలని చూడకండి. ఆయనను బస్సులోనో రైలులోనో పంపేయండి. అవును, డులూత్ నుంచి టూ హార్బర్స్‌కు పరుగువాళ్ళను రైలులోనూ తీసుకువెళతారు. పాప ఏడుస్తుంది నేనూ రైలెక్కుతానని, దానికి సిద్ధంగా ఉండండి. మీరు తీరిగ్గా టిఫిను చేసి లండన్ రోడ్డు మీదికి రండి. లెమన్ డ్రాప్ ఎక్కుడు పైన నిలబడండి. కింద నిలబడితే ఆయన నవ్వుతూ చెయ్యి ఊపుతారు. పైన నిలబడితే నిజం కనిపిస్తుంది.

ఇంకో సంగతి, రెండు స్వెటర్లు. మీ ఊళ్ళో ముప్పై డిగ్రీలున్నా ఇక్కడ ఒడ్డున పది ఉండవచ్చు. ముందురోజు హోటల్ తిండి పడకపోతే అన్నం వండే చిన్న కుక్కరు తెచ్చుకోండి. నేను పులిహోర పెరుగన్నం రెండూ కట్టుకొని వెళతాను. పరుగుకు ముందురోజు రాత్రి ఆయనకు పులిహోర పెట్టను, పోపులోని నూనె, మిరపకాయ కడుపులో తిరుగుతాయి. పెరుగన్నం, అరటిపండు. పులిహోర ముగిశాక.

నెమ్మదిబండి · ఫిబ్రవరి 21

అమ్మా, మీ మాట చూడగానే వసతిగృహంలో గది తీసుకున్నాను. ఆఖరి వాటిలో ఒకటి. మోకాలిచిప్ప గారూ, మా ఆఫీసుకు 14 అంతస్తులు. ఈ రోజు రెండుసార్లు దిగాను. భద్రతా సిబ్బంది మెట్ల తలుపు దగ్గర ఆపి, లిఫ్టు పనిచేయడం లేదా అని అడిగారు.

ఉత్తరతీరం · ఏప్రిల్ 3

మంచు కరిగాక సెయింట్ పాల్‌లో రామ్సే హిల్ మీద దిగుడు చేయండి. నిటారుగా ఉంటుంది. మా దారిలో అంతటిది ఏదీ లేదు, కాబట్టి అది చేస్తే ఇక్కడివి చదునుగా అనిపిస్తాయి.

ఇంకొక్క మాట. మొదటి పది మైళ్ళు చల్లగా ఉంటుంది, కాళ్ళు కొత్తగా ఉంటాయి, దారి మెల్లగా దిగుతుంటుంది. వేగంగా పోతున్నామని తెలియనే తెలియదు. నాలుగు గంటలంటే మైలుకు 9 నిమిషాల 9 సెకన్లు. అక్కడ 9:20 కంటే వేగంగా పోతే లెమన్ డ్రాప్ దగ్గర వడ్డీతో కడతారు. ఆరుసార్లలో అయిదుసార్లు నేను కట్టాను.

నెమ్మదిబండి · జూన్ 22

మొత్తానికి ముగిసింది. 4:07:52. నాలుగు లోపు రాలేదు. ట్విన్ సిటీస్ కంటే పది నిమిషాలు మెరుగు. ఆఫీసువాళ్ళు చెప్పిన పది నిమిషాలు సరిగ్గా తగ్గాయి, దిగుడు వల్ల కాదని వాళ్ళకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

తెల్లవారుజామున నాలుగుకే లేచాను. రైలులో సీటు దొరికింది. కిటికీలోంచి చూస్తే సరస్సు లేదు, పొగమంచు మాత్రమే. ఎదురు సీటులో ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, ఇది ఆయనకు ముప్పై ఒకటో గ్రాండ్మాస్ అట. రహస్యం ఏమిటని అడిగితే, "ఎడమ పక్క చూడు, గడియారం చూడకు" అన్నారు. అప్పుడు నవ్వుకున్నాను.

టూ హార్బర్స్ దగ్గర దిగి మూత్రశాల వరుసలో నలభై నిమిషాలు. ఆ వరుసలో ఒక సంగతి తెలిసింది. మా ఇంటి పక్క తెలుగువాళ్ళు ముగ్గురు పనిచేసే 3ఎం కంపెనీ 1902లో పుట్టింది ఈ టూ హార్బర్స్‌లోనే అట. గరుకు కాగితం చేద్దామని గని తవ్వితే పనికిరాని రాయి దొరికిందట. ఆ రాయి గురించి ఆలోచిస్తూనే బయలుదేరాను.

ఉత్తరతీరం గారు 9:20 అన్నారు. నాకు గుర్తుంది. చేతి మీద పెన్నుతో రాసుకున్నాను కూడా. మొదటి మైలు 9:15. సరే, జనం తోపులాట అనుకున్నాను. రెండో మైలు 8:58. మూడు 8:55. చెమట లేదు, ఆయాసం లేదు, పొగమంచు ముఖానికి తడిబట్ట అద్దినట్టు. కాళ్ళు వాటంతటవే పోతున్నాయి. నైఫ్ రివర్ దగ్గర మంచు చీలి సరస్సు ఒక్కసారి బయటపడింది. వెండి పళ్ళెం అని రాయాలనిపిస్తోంది కానీ వెండి కాదు, సీసపు రంగు, కదలకుండా. నా ముందున్న నలుగురు ఒకేసారి తల తిప్పారు. మా కొల్లేరు పెద్దదనుకునేవాణ్ణి. అక్కడ అవతల గట్టు మీద గేదెలు కనిపిస్తాయి.

సగం దూరం 1:58:40. అంతా అనుకున్నట్టే ఉంది, అనుకున్నదానికంటే బాగుంది, భయం అక్కడే వేయాల్సింది. పదిహేడో మైలు దగ్గర ఒక చిన్న పల్లం దిగుతుంటే కుడి తొడలో ఎవరో దారం లాగినట్టయింది. మోకాలిచిప్ప గారూ, మీ బిందె గుర్తొచ్చింది. అడుగులు చిన్నవి చేశాను, సర్దుకుంది. మెట్లు దిగి ఉండకపోతే అక్కడే కూర్చునేవాణ్ణని గట్టిగా అనుకుంటున్నాను.

లెస్టర్ నది దాటేసరికి మంచు పోయి ఎండ వచ్చింది. పచ్చజెండా పసుపయింది. లండన్ రోడ్డు మీద జనం, ఒక ఇంటిముందు ముసలామె చెంచాతో గిన్నె కొడుతోంది, ఇంకో ఇంటి దగ్గర కుర్రాళ్ళు బీరు ఇస్తున్నారు. గొట్టంతో తడిపిన పిల్లవాడికి మనసులో దండం పెట్టాను.

లెమన్ డ్రాప్ దగ్గర నడిచాను. పరుగెత్తానని రాస్తే ఇక్కడ ఎవరికీ తెలియదు, కానీ పైన మా ఇంటావిడ ఉంది, ఫోనులో తీసింది కూడా. పులిహోర_పొట్లం గారి సలహా పుణ్యం. పాప స్వెటర్ మీద స్వెటర్ వేసుకొని అరుస్తోంది, "నాన్నా, నడవకు, అందరూ దాటేస్తున్నారు" అని. పరుగు మొత్తంలో నన్ను లేపింది ఆ మాటే. మళ్ళీ పరుగులాంటిది మొదలుపెట్టాను.

వంతెన కనిపించింది. ఉత్తరతీరం గారూ, మీరు హెచ్చరించినా మోసపోయాను. కనిపించగానే వేగం పెంచాను, ఓడ చుట్టూ మలుపులు వచ్చేసరికి అయిపోయాను. సరిగ్గా అప్పుడు పొడవాటి ఓడ ఒకటి కాలువలోకి వస్తూ కూత వేసింది, వంతెన జవాబు కూత వేసింది. జనం చప్పట్లు కొట్టారు, ఓడకో నాకో తెలియదు, నాకే అనుకున్నాను.

మొదటి సగం 1:58:40, రెండో సగం 2:08. ఎదురు సీటు పెద్దాయన నా తరువాత ముప్పావు గంటకు వచ్చారు, నవ్వుతూ, ఎడమ పక్క చూస్తూ.

ఉత్తరతీరం · జూన్ 22

8:55! చేతి మీద రాసుకొని మరీ 8:55! నా లెక్కలో ఆరో సభ్యుడుగా చేరారు. అభినందనలు. ఆ కూత నేనూ విన్నాను, నీళ్ళ బల్ల దగ్గర ఉన్నాను.

మోకాలిచిప్ప · జూన్ 22

అభినందనలు. అసలు నొప్పి రేపు, ఎల్లుండి. వేడి కాపడం, గట్టి మాలిష్ వద్దు. కొంచెం కొంచెం నడవండి, నీళ్ళు, పప్పన్నం, నిద్ర. మూత్రం ముదురు కాఫీ రంగులో వస్తే మాత్రం ఇక్కడ రాయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. గోరు ఎలా ఉంది?

నెమ్మదిబండి · జూన్ 23

గోరు నల్లబడింది. ఆఖరి కంత మరిచిపోయాను. ఫోటో పంపను.

అలిపిరి_మెట్టు · జూన్ 23

ఈసారి ఊరికి వచ్చినప్పుడు తిరుపతి రండి. ఎక్కడం నడిచి, దిగడం బస్సులో. పరుగు నెల కాబట్టి మినహాయింపు.

లెక్కలమాస్టారు · జూన్ 23

అభినందనలు. చిన్న సవరణ. 4:07:52 లోంచి 1:58:40 తీసేస్తే 2:09:12 వస్తుంది. మీరు 2:08 అని రాశారు.

నెమ్మదిబండి · జూన్ 23

ఇంటి మెట్ల మీద కూర్చొని వేసిన లెక్క మాస్టారూ. పైకి ఎక్కగలిగాను. దిగడానికి ఇంటావిడ కోసం చూస్తున్నాను.